చాయ్ వణికితేనే రైలు

మా ఇంట్లో నా మాటలకు తరుగు తీసే పద్ధతి ఒకటి ఉంది. నేను పులి అంటే మా ఆవిడ పిల్లి అనుకుంటుంది. నేను వరద వచ్చిందంటే గడప ముందు మోరి పొంగిందేమో అని చీపురు తీసుకుని వెళుతుంది. మీకు ఆ అనుభవం లేదు కనుక ముందే చెప్పి పెడుతున్నాను. కింద రాసినదాంట్లో పొడవులకు, లావులకు, మీసాలకు, చప్పుళ్లకు నేను గాలి కొట్టాను. కొట్టకుండా రాయడం నాకు చేతకాదు. ఒకసారి జ్వరం వచ్చి సెలవు కావాలని ఉన్నది ఉన్నట్టు అడిగితే మా హెడ్ మాస్టరు నమ్మలేదు. నాలుక నల్లబడింది, మంచం దానంతట అదే ఊగుతోంది అని చెప్పాక వెంటనే ఇంటికి పొమ్మన్నాడు. అప్పటినుంచీ ఈ అలవాటు ముదిరింది.

కాని ఉన్నదానికి గాలి కొట్టడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. ఈ ముచ్చటలో నేను అచ్చంగా పుట్టించిన ముక్క ఒకటుంది. అదేదో చివర ఒప్పుకుంటాను. అందాకా నన్ను నమ్మండి, లేదా మా ఆవిడలాగా తరుగు తీసుకుంటూ చదవండి.

యుద్ధం నడుస్తున్న రోజులు. నేను జహీరాబాదు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. పెళ్లి కాలేదు. అన్నం ఒక ఇంట్లో, పడక మరో ఇంట్లో, బతుకంతా స్టేషన్ ఎదుటి చాయ్ హోటల్లో. ఆ హోటల్ సేటు పొద్దున లేచి తన పొట్టను ముందు పంపి, కాసేపటికి తాను వచ్చేవాడు. చాయ్ కాచేదీ ఆయనే, పోసేదీ ఆయనే, బాకీ ఉన్నవాడి వంక చూడకుండా తల తిప్పుకునేదీ ఆయనే. మంచివాడు.

ఆ హోటల్లో ఒక నల్లరాతి బండ ఉండేది. హోటల్ కట్టి లోపల బండ వేయలేదు. బండ కదలదని తెలిశాక దాని చుట్టూ హోటల్ కట్టారు. దాని ఒక చివర వెనక గదిలో, పొయ్యి దగ్గర. మధ్యలో దాని మీదుగా గోడ లేపారు. రెండో చివర ముందు గదిలోకి బల్లలాగా పొడుచుకుని వచ్చి ఉండేది. మేమంతా దాని చుట్టూ కూర్చుని చాయ్ తాగేవాళ్లం. ఎంత పొడవు ఉండేదంటే, గోడ లేని రోజుల్లో ఆ చివర కాకి వాలితే ఈ చివర కూర్చున్నవాడికి ఈగలాగా కనిపించేదట. అడుగున చేయి పెడితే వేసవిలో కూడా చల్లగా ఉండేది.

ఇప్పుడు రైలు సంగతి. యుద్ధం పుణ్యమా అని ఏ బండి ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. మిలిటరీ బండ్లకు దారి వదిలి, గూడ్సులకు దారి వదిలి, మిగిలిన తీరికలో ప్యాసింజరు వచ్చేది. బీదరు వైపు పోయే బండి రోజుకు ఒక్కటే, మధ్యాహ్నం రావాలి. మధ్యాహ్నం అంటే పొద్దు నడినెత్తిమీద ఉన్నప్పటినుంచి పడమటికి వాలి ఎర్రబడేదాకా ఎప్పుడైనా. ఝరాసంగం నుంచి, రాయికోడు నుంచి మూటలతో వచ్చినవాళ్లు స్టేషన్లో నిలబడకుండా సేటు హోటల్లోనే కూర్చునేవారు. ఎందుకంటే బండి వచ్చే ముందు ఆ బండ చెప్పేది.

నిజం. సాసర్లో చాయ్ పోసుకుని బండ మీద పెట్టి కళ్లార్పకుండా చూస్తూ ఉంటే, ఉన్నట్టుండి చాయ్ మీద సన్నటి వలయాలు లేచేవి. అంచునుంచి మధ్యకు, మధ్యనుంచి అంచుకు. అంతే. 'గాడీ!' అని ఎవరో ఒకరు అరిచేవారు. మూటలు, కోళ్లు, ముసలివాళ్లు అంతా ఒక్క ఊపున లేచి రోడ్డు దాటేవారు. వాళ్లు ప్లాట్‌ఫారం ఎక్కేసరికి బండి వచ్చి ఆగేది. ఒక్కనాడు కూడా తప్పలేదు. రైలు ఎక్కడో దూరంగా ఉన్నప్పుడే నేలలోంచి బండకు తెలిసిపోతుందని ఊరంతా నమ్మింది. బండ వేర్లు పట్టాల కిందికి పోయాయని కొందరు, కాదు నేరుగా బీదరు కోట పునాదిలోకి పోయాయని కొందరు. సేటు ఈ రెంటినీ కాదనలేదు. చాయ్ అమ్ముడుపోతోంది.

హోటల్ పక్కనే దర్జీ సాబ్ దుకాణం. నా కంటే పెద్దవాడు, సన్నటి గడ్డం, మెడలో ఎప్పుడూ కొలత పట్టీ. ఆయన కత్తెర పట్టి చూస్తే చాలు, గుడ్డ భయపడి తనంతట తనే సరిగ్గా తెగిపోయేది. తహసీలు కచేరీవాళ్ల షేర్వానీలు, ఊళ్లోవాళ్ల కమీజులు అన్నీ ఆయన చేతివే. ఒక్క పని మాత్రం ఆయనకు రాదు: కాజాలు. కాజాలు కుట్టేది ఇంటావిడ. దుకాణం వెనక పరదా, పరదా వెనక ఇల్లు, ఇంట్లో ఆవిడ. ముందునుంచి కమీజు లోపలికి పోయేది, కాజాలతో బయటికి వచ్చేది. ఆవిడ ముఖం నేను చూడలేదు కాని ఆవిడ కాజాలను ఊరంతా రోజూ వేళ్లతో ముట్టుకునేది. గుండీ అందులోకి పోతే అత్తగారింట్లో మంచి కోడలిలాగా కుదురుకునేది.

ఒకనాడు కచేరీ గుమాస్తా ఒకాయన వచ్చి గుండీ ఊరికే జారిపోతోందని తగువు పెట్టుకున్నాడు. ఆయన పొట్ట పెరగడమే దానికి కారణం. కాని దర్జీ సాబ్ ఆ మాట ఆయన ముఖం మీద అనలేక పరదా వైపు చేయి చూపించి, "మా ఇంటామెకు కండ్లు కనపడ్తలేవు సాబ్, ఏం జేయాలె" అని నవ్వాడు. గుమాస్తా నవ్వాడు. దుకాణంలో కూర్చున్న ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. పరదా వెనక సూది పెట్టె మూత పడిన చప్పుడు అయింది. మర్నాడు బండికి ఆవిడ బీదరులో ఉన్న తమ్ముళ్ల ఇంటికి వెళ్లిపోయింది.

తరవాత జహీరాబాదు పడ్డ కష్టం నేను వర్ణించలేను, అయినా వర్ణిస్తాను. కుట్టిన కమీజులు కాజాలు లేకుండా దుకాణంలో గుట్ట పడ్డాయి. కొందరు ఆగలేక అలాగే తీసుకుపోయి పిన్నీసులు పెట్టుకున్నారు. పిన్నీసులు యుద్ధానికి పోయాయి కనుక మిగిలినవాళ్లు తుమ్మముళ్లు గుచ్చుకున్నారు. పలకరిద్దామని దగ్గరికి వస్తే ముళ్లు గుచ్చుకుంటాయని పండగపూట కూడా జనం కావలించుకోవడం మానేశారు. నేను బడిలో ఎడమ చేత్తో కమీజు పట్టుకుని కుడి చేత్తో పాఠం చెప్పాను. ఇంకెవరితోనైనా కాజాలు కుట్టించవచ్చు కదా అని ఎవరో అంటే దర్జీ సాబ్ కత్తెర కింద పెట్టి ఆయన వంక చూశాడు. ఆ మాట మళ్లీ ఎవరూ అనలేదు.

ఆయనకు భార్య కావాలి. పోయి పిలుచుకు రావాలి. ఆ సంగతి ఆయనకు తెలుసు. రోజూ షేర్వానీ వేసుకుని, టోపీ పెట్టుకుని, మధ్యాహ్నం నమాజు కాగానే వచ్చి బండ దగ్గర కూర్చునేవాడు. బీదరు బండికే. సాసర్లో చాయ్ పోసుకునేవాడు. చాయ్ వణికేది. అందరూ లేచేవారు. ఆయన లేచేవాడు కాదు.

"దర్జీ సాబ్, గాడీ!" అనేవాణ్ణి నేను.

"అది ప్యాసింజర్ వణుకుడు గాదు మాస్టర్ సాబ్. జర బరువుగున్నది. గూడ్సు."

మర్నాడు: "ఇది మిలిటరీ గాడీ. వలయాలు లైనుగ వచ్చినయ్ సూడలే?"

ఆ మర్నాడు వణుకు బాగా సన్నగా ఉందనీ, ఇంజను ఒక్కటే వస్తున్నట్టుందనీ తేల్చాడు. అవతల ప్యాసింజరు వచ్చి, జనాన్ని ఎక్కించుకుని, కూతపెట్టి పోతూ ఉండేది. ఆయన దానికి వీపు పెట్టి చాయ్ తాగేవాడు. చాయ్ ఎప్పుడో చల్లారి ఉండేది.

ఆయన భయం నాకు తెలుసు. ఇద్దరు బావమరుదులు. పెద్దవాడు తలుపులోంచి రావాలంటే పక్కకు తిరిగి, వంగి, కొంచెం ఊపిరి వదిలి రావాలి. చిన్నవాడి మీసాల మీద రెండు వైపులా రెండు చాయ్ కప్పులు పెట్టవచ్చు, తొణకవు. వాళ్ల ముందు నిలబడి ఏమని చెప్పాలి? తప్పు నాదని చెప్పాలి. దర్జీ సాబ్ నాలుకకు ఆ కొలత ఎప్పుడూ తీయలేదు.

ఈలోగా నన్ను ఒక పురుగు తొలిచింది. సైన్సు చెప్పేవాణ్ణి కదా, ఒక బండకు రైలు ముందే ఎలా తెలుస్తుంది? ఒకనాడు ముందు గదిలో కూర్చోకుండా వెనక గదిలోకి పోయి సేటు పక్కన నిలబడ్డాను. వెనక గదికి కిటికీ ఉంది. కిటికీలోంచి, బండి వచ్చేముందు కిందికి వాలే సిగ్నలు చెయ్యి కనిపిస్తుంది. బొగ్గుకు కరువు రోజులు కనుక సేటు బండ్లు లేనప్పుడు బండ మీద నిప్పు ఉంచడు. పక్కన గుంటలో బూడిద కప్పి నిప్పులు దాచుతాడు. సిగ్నలు చెయ్యి వాలగానే, దిగేవాళ్ల కోసం చాయ్ కాచాలి కాబట్టి, రేకు చేటతో గుంటలో ఉన్న ఎర్రటి నిప్పులన్నీ ఒక్కసారి తోడి చల్లటి బండ మీద పరుస్తాడు. వాటి మీద కెటిళ్లు పెడతాడు. ఆనాడూ నిప్పులు బండ మీద పడ్డాయి. గోడకు అవతల 'గాడీ' అని కేక వినిపించింది.

అంటే బండకు రైలు సంగతి తెలియదు. సేటుకు సిగ్నలు తెలుసు, బండకు సేటు నిప్పు తెలుసు. ఇన్నేళ్లుగా జనం చూస్తున్నది రైలును కాదు, చాయ్ కాచడానికి సేటు చేసే ఏర్పాటును.

నాకు పూనకం వచ్చింది. బండ్లు లేని ఒక పూట సేటును, దర్జీ సాబ్‌ను కూర్చోబెట్టి పరీక్ష పెట్టాను. మొదట అవే బొగ్గులు, చల్లటివి, చేటతో ధబాలున బండ మీద పోయించాను. ఇవతల సాసర్లో చాయ్ ఉలకలేదు.

"సూసిన్రా, చప్పుడుతోటి గాదు" అన్నాడు సేటు, తానే కనిపెట్టినట్టు.

తరవాత నిప్పులు ఒక్కొక్కటిగా, పట్టకారుతో, తీరిగ్గా పెట్టించాను. బండ వేడెక్కింది. చాయ్ మాత్రం నిద్రపోతూనే ఉంది. ఆ నిప్పులు తీయించి, బండ మీద నీళ్లు కొట్టించి, చల్లారాక, ఈసారి మొత్తం నిప్పు ఒక్కసారి, చప్పుడు కాకుండా జారవిడిపించాను. సాసర్లో వలయాలు లేచాయి. సాసరు పక్కన నేను పోసి పెట్టిన ఆవాలు గెంతాయి. నేను బండ కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, అడుగున అరచేయి ఆనించి మళ్లీ చేయించాను. పైన ఆవాలు ఎగురుతున్నాయని ఇద్దరూ అరుస్తున్నారు. అడుగున నా చేతికి ఏమీ తెలియలేదు. పైకి లేచేటప్పుడు తల కొట్టుకున్నాను. ఆ బొప్పి ఎంత పెద్దదో చెప్పను. మీకు తరుగు తీయడం కష్టమవుతుంది.

"ఏందిది మాస్టర్ సాబ్? జిన్నా?" అన్నాడు దర్జీ సాబ్.

"జిన్ను కాదు, దయ్యం కాదు. వేడి తగిలితే ఏదైనా ఉబ్బుతుంది, రాయి కూడా. మెల్లగా తగిలితే మెల్లగా ఉబ్బుతుంది. పక్కనున్న రాయికి సర్దుకునే వ్యవధి ఉంటుంది. ఒక్కసారిగా తగిలిందనుకోండి, ఆ చోటు మాత్రం ఉన్నపళాన ఉబ్బి పక్కదాన్ని తోస్తుంది. అది దాని పక్కదాన్ని తోస్తుంది. మా బడి బెంచీ చివర కూర్చున్న పిల్లవాడిని చీమ కుడితే ఈ చివరివాడు కింద పడతాడు చూడండి, అట్లా. ఆ తోపుడు అలలాగా బండ పైతోలు మీదనే పరుగెత్తుతుంది. కిందికి దిగినకొద్దీ చచ్చిపోతుంది."

"రాయిల అలనా?"

"రాయికి కూడా కొంచెం సాగే గుణం ఉంది. వంగి మళ్లీ నిలబడుతుంది. మన కంటికి కనపడదు. చాయ్ కంటికి కనపడుతుంది."

దర్జీ సాబ్ బండ మీద చేయి పెట్టి నిమిరాడు, గుడ్డ నాణ్యం చూసినట్టు. "అంటే పైన గింత గడబిడ, లోపల సల్లగ?"

"లోపల చల్లగ."

"ఒక్కసారి నిప్పు మీద వోస్తెనే గీ గడబిడ?"

"ఒక్కసారి పోస్తేనే."

ఆయన బండ మీదినుంచి చేయి తీయలేదు. సేటు ఊరుకుంటాడా? "అరె భై, నువ్వు వోసినవ్ గద నిప్పు, నలుగుర్ల ముంగట. గామె గూడ పైపైననే గరమైందేమో. పోయి తీస్కరారాదు?"

"రేపు పోత" అన్నాడు దర్జీ సాబ్.

పోలేదు. విచిత్రం ఏమిటంటే, ఇంత పరీక్ష కళ్లారా చూసి కూడా ఆయన బండను నమ్మడం మానలేదు. నిప్పు సంగతి నిజమే, రైలు సంగతీ నిజమే అన్నాడు. "సేటు మనసుల నిప్పు వొయ్యాలని ఎవడు పుట్టిస్తుండు? గది చెప్పు" అని నన్నే అడిగాడు.  మళ్లీ షేర్వానీ, మళ్లీ సాసరు, మళ్లీ గూడ్సు వణుకు.

అప్పుడు బీదరునుంచి గాజులు అమ్మే ఆయన వచ్చాడు. బుట్ట దించి, చాయ్ తాగి, మూతి తుడుచుకుని దర్జీ సాబ్ వైపు తిరిగాడు.

"మీ పెద్ద బామ్మర్దికి సోలాపూర్ మిల్లుల నౌకరి దొరికిందట. జుమ్మా నమాజ్ అయినంక అందరు పోతున్నరు. ఇల్లు ఖాళీ చేస్తున్నరు."

"అందరంటే?" అన్నాడు దర్జీ సాబ్.

"అందరంటే అందరు. మీ ఇంటామె గూడ. సామాన్లు కట్టిన్రు. నేనే సూసిన." ఆయన బుట్ట ఎత్తుకుంటూ ఆగాడు. "సోలాపూర్ అంటే ఈడ గాదు భై. అటు పోయినంక మళ్ల ఎవరొస్తరు?"

అది బుధవారం, ఆనాటి బండి అప్పటికే పోయింది. జుమ్మా అంటే శుక్రవారం, ఆ రోజు బండి వాళ్లను తీసుకుపోయే బండి. అంటే గురువారం మధ్యాహ్నపు బండి ఒక్కటే దర్జీ సాబ్‌కు మిగిలింది. అది తప్పితే ఆ పరదా వెనక ఇక ఎవరూ ఉండరు. ఈ లెక్క ఆయనకు ఎవరూ విడమరచి చెప్పలేదు. ఆయన ముఖం చూస్తే తెలిసింది, చెప్పనక్కరలేదని.

గురువారం బడి సగం పూటే. నేను పోయేసరికి ఆయన ముందే వచ్చి కూర్చుని ఉన్నాడు. షేర్వానీ ఎంత ఇస్త్రీ చేశాడంటే ముడతలు భయపడి పక్క దుకాణంలోకి పారిపోయాయి. ఒళ్లో మూట, మూటనిండా కాజాలు లేని కమీజులు. మిఠాయి కాదు, పూలు కాదు, కమీజులు. ముందు సాసరు, సాసర్లో చాయ్. చాయ్ మీదినుంచి చూపు తీయడంలేదు. ఇవాళ నిజంగా పోవాలనుకుంటున్నాడని ఆ చూపే చెబుతోంది. రెండు చేతులూ బండను పట్టుకుని ఉన్నాయి, బండ లేచి పారిపోతుందేమో అన్నట్టు.

"ఇవాళ పోవుడే మాస్టర్ సాబ్. చాయ్ కదలంగనే ఉరుకుత."

ఆ రోజు చాయ్ కదలదని మాకు తెలియదు. బొగ్గు బండి రాలేదు. సేటు గుంటలో మిగిలింది పిడికెడు నిప్పు. ఆయన సిగ్నలు చూశాడు. ఉన్న నిప్పు ఆరిపోకుండా పట్టకారుతో ఒక్కొక్కటి తీసి, పసిపిల్లలను పక్క మీద పడుకోబెట్టినట్టు బండ మీద పెట్టాడు. ముందు గదిలో చాయ్ అద్దంలాగా ఉంది.

వెనకనుంచి సేటు కేక: "గాడీ భై! సిగ్నల్ పడ్డది!"

దర్జీ సాబ్ కదల్లేదు. "యాడ పడ్డది? చాయ్ కదల్లే."

"బొగ్గు లేదు భై! జర్ర జర్ర పెట్టిన! లే!"

"చాయ్ కదలంది గాడీ ఎట్లొస్తది?"

నేను భుజం పట్టుకుని ఊపాను. "మొన్న చూపించాను కదా దర్జీ సాబ్! మెల్లగా పెడితే అల రాదు. నిప్పు తక్కువైంది, రైలు కాదు!"

"మీరు చెప్పేది బడిల మాట. ఇన్నేండ్ల సంది తప్పలే గిది."  చాయ్ వణకడంలేదు, ఆయన వణుకుతున్నాడు. ఆయనకు నా మాట అర్థం కాకపోవడం కాదు. కాళ్లు లేవడంలేదు. ఇన్నాళ్లూ పోకుండా ఉండటానికి ఆ బండ చాటు చేసుకున్నాడు, ఇవాళ పోదామంటే అదే బండ అడ్డం కూర్చుంది. దూరంగా కూత వినిపించింది. ఆయన కూత వైపు చూడలేదు, చాయ్ వైపు చూశాడు. కళ్లలో నీళ్లు.

నాకు పాఠం చెప్పే తీరిక లేదు. ఆయన దుకాణంలోకి ఉరికాను. షేర్వానీ ఇస్త్రీ చేసిన పెట్టె అక్కడే ఉంది, ఇంకా నిప్పులతో, మూత మీద ఇత్తడి కోడిపుంజుతో. పిడి పట్టుకుని వెనక గదిలోకి పరుగెత్తాను. అది ఏనుగు పిల్లంత బరువు ఉంది. మూత తీసి, సేటు చిన్న నిప్పులకు దూరంగా, బండ చల్లగా ఉన్నచోట మొత్తం బోర్లించాను. బొగ్గు చిట్లిన చప్పుడు, సేటు తిట్టు, ముందు గదిలోంచి ఒక కేక, మూడూ ఒక్కసారే వచ్చాయి.

"కదిలింది! గాడీ! మాస్టర్ సాబ్, గాడీ!"

చాయ్ లేచి నిలబడిందనీ, సాసరు అంచుమీద నడిచిందనీ నేను చాలా చోట్ల చెప్పాను. మీరు వలయాలు అనుకోండి, చాలు. నేను ముందుకు వచ్చేసరికి దర్జీ సాబ్ లేడు. టోపీ బండ మీద, మనిషి రోడ్డు మీద. టోపీ పట్టుకుని నేను, నా వెనక తన పొట్టతో పోటీ పడుతూ సేటు. బండి అప్పటికే కదులుతోంది. దర్జీ సాబ్ మూట ఒక కిటికీలో, తాను ఒక తలుపులో పడ్డాడు. లోపల ఎవరో చేయి అందించి లాగారు.

నేనూ ఎక్కాను. అలా ఒంటరిగా ఎలా పంపడం? బీదరు దాకా ఆయనకు మూటతోనే సరిపోయింది. ఒళ్లో మూట విప్పి కమీజులు సరిచేసి మళ్లీ కట్టాడు, మళ్లీ విప్పాడు.

బీదరులో ఒక సందు. తలుపు ముందు తాళ్లు కట్టిన పెట్టెలు. పెద్ద బావమరిది పక్కకు తిరిగి, వంగి, ఊపిరి వదిలి బయటికి వచ్చాడు. చిన్నవాడు మీసాలతో వచ్చాడు. సందులో నీడ పడింది.

"ఏమిటికొచ్చిన్రు?" అన్నాడు పెద్దవాడు.

దర్జీ సాబ్ రెండు చేతులతో మూట చాపాడు. పెద్దవాడు తీసుకోలేదు. తలుపుకు పరదా ఉంది. పరదా కిందినుంచి ఒక చేయి వచ్చి మూటను లోపలికి లాక్కుంది.  గుడ్డ విప్పుతున్న సవ్వడి వినిపించింది. తరవాత లోపలినుంచి మాట:

"గీ మెడపట్టి ఎవరు కోసిన్రు?"

"నేనే" అన్నాడు దర్జీ సాబ్.

"వంకరున్నది."

బావమరుదులు నవ్వారు. పెట్టెలు మోయడానికి వచ్చిన హమాలీలు నవ్వారు. సందులో పోతున్నవాళ్లు ఆగారు. దర్జీ సాబ్ జీవితంలో ఎప్పుడూ వంకర కోయలేదు. ఆ మెడపట్టి గీత గీసినంత తిన్నగా ఉంటుందని నేను ప్రమాణం చేస్తాను.

"అవు, వంకరనే ఉన్నది" అన్నాడాయన, సందు ఆ చివరికి వినపడేలాగా. "నాకు కండ్లు కనపడ్తలేవు."

పరదా వెనక మూట మళ్లీ ముడివేసిన చప్పుడు అయింది. 

"ఆయన్ని బయట నిలవెట్టిన్రేంది? లోపలికి రమ్మనున్రి" అంది ఆవిడ తమ్ముళ్లతో. "ఎండల వచ్చిండు."

ఇక ఒప్పుకోవలసిన ముక్క.

బండ నిజం. వణుకు నిజం. ఇస్త్రీ పెట్టె నిజం. దాని మచ్చ ఇప్పటికీ నా మణికట్టు మీద ఉంది. సోలాపూరు ప్రయాణం నిజం. నేను బండి ఎక్కడం మాత్రం అబద్ధం. కదులుతున్న బండి ఎక్కే ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. కిటికీలోంచి టోపీ అందించి ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయాను. బీదరు సందు, పరదా, మెడపట్టి, ఆ మాటలు, అన్నీ నేను పుట్టించినవి.

నేను కళ్లతో చూసింది ఇంతే. శుక్రవారం అటునుంచి వచ్చిన బండి దిగినవాళ్లలో దర్జీ సాబ్ ఉన్నాడు. ఆయన వెనక బురఖాలో ఆవిడ ఉంది. మూట ఆవిడ చేతిలో ఉంది. నేనూ సేటూ ఎదురుపోయి ఏం జరిగింది, ఏమన్నారు, ఏమన్నావు అని అడ్డం పడి అడిగాం.

"పోయిన. తీస్కొచ్చిన. ఇంకేం గావాలె మీకు?" అన్నాడు. తరవాత ఎన్నిసార్లు అడిగినా అంతే. ఆ జవాబుతో నాకు కడుపు నిండలేదు. అందుకే ఆ తలుపు నేనే కట్టుకున్నాను, పరదా నేనే వేలాడదీశాను.

మొన్న ఇది రాసి ఆయన దుకాణానికే తీసుకుపోయి చదివి వినిపించాను. ఆయన పెద్దవాడైపోయాడు, మిషను తొక్కుతూనే విన్నాడు. బీదరు సందు దగ్గరికి వచ్చాక మిషను ఆగింది. చదవడం అయింది. మళ్లీ మిషను కదలడానికి కొంచెం సేపు పట్టింది.

"మా బామ్మర్దులు గంత లావు లేకుండిరి మాస్టర్ సాబ్" అన్నాడు, దారం ఎక్కిస్తూ. "గది మార్చున్రి."